తపాలా చరిత్ర: లకోటాల పరిరక్షణము, ప్రదర్శనము, బోధనము

ముద్రారాక్షస నాటకమునఁ గథ యంతయు నొక యుంగరపు ముద్రమీఁద నడచును. శకటదాసునిచే వ్రాయించిన జాబునకు రాక్షసుని ముద్ర పడినందుననే, యది రాక్షసుఁడు పంపినదేయని మలయకేతువు నమ్మెను. పాత యుత్తరము చేతఁబడిన చరిత్రపరిశోధకునకును ముద్రయే ముఖ్యసాక్షి. లోపలి వ్రాఁత యెవరు వ్రాసిరో, యేమి వ్రాసిరో తెలుపును. అది యెప్పుడు, ఎచటినుండి, ఏ త్రోవను, ఎంత మూల్యమునకు వచ్చెనో తెలుపునవి లకోటాపైనున్న ముద్రలు. నాటకములోని ముద్ర మోసమునకు సాధనమయ్యెను గావున, ముద్రనైనను బరీక్షింపక నమ్మరాదనియు నా కథయే నేర్పుచున్నది. పరీక్షించుటకు ముందు లకోటా నిలిచియుండవలెను గదా.

అది నిలుచుటయే యరుదు. ఇంటఁ బెద్దలు గతించిన పిమ్మట వారి పెట్టెలోని యుత్తరముల కట్టలు బయటఁబడును. బాలురు తపాలా బిళ్లలను గత్తిరించియో, నీటిలో నానఁబెట్టియో తీసికొందురు. కడమ కాగితము చిత్తుక్రిందఁ బోవును. బిళ్ల లక్షలకొలఁది యచ్చుపడినది. అట్టిదే మఱియొకటి దొరకును. లకోటా యొక్కటియే, అది పోయినఁ దిరిగి రాదు. తామ్రశాసనపుఁ గడియమునుండి రాజముద్రను మాత్రము దాఁచుకొని ఱేకులను గరఁగించుటయు నిట్టిదే.

బిళ్లల సేకరణము వేఱు, తపాలా చరిత్ర వేఱు. బిళ్లయొక్క చిత్రము, రంగు, అచ్చు, కాగితము మొదటిదానికి విషయములు. లేఖ యొక చోటునుండి మఱియొక చోటికిఁ బోయిన విధమును, అనఁగా రుసుము, మార్గము, వాహనము, ముద్ర, ఆలస్యము మున్నగువానిని విచారించునది రెండవది. మొదటిదానికి బిళ్ల చాలును. రెండవదానికి లకోటా యంతయుఁ గావలెను, వెనుక భాగముతోఁ గూడ.

రుసుము చరిత్రమునే చూడుఁడు. 1774లో వారన్ హేస్టింగ్సు పాలనమునఁ గలకత్తాలోఁ దపాలా సామాన్యజనులకు నుపయోగపడునట్లు ఏర్పాటు జరిగెను. ఆ కాలమున దూరము హెచ్చినకొలఁది రుసుమును హెచ్చెడిది. ఇంగ్లండులో రోలండు హిల్లు 1837లోఁ దపాలా సంస్కరణమును గూర్చి యొక చిన్న పుస్తకమును బ్రకటించి, దూరముతోఁ బనిలేక బరువునుబట్టి ముందుగనే రుసుము చెల్లించు పద్ధతిని బ్రతిపాదించెను. దాని ఫలముగా 'పెన్నీ బ్లాక్' అను నల్లని బిళ్ల 1840 మే 6 నుండి చెల్లుబడి యయ్యెను. 1852లో సింధుదేశమున బార్టిల్ ఫ్రియర్ 'సిందే డాక్' అను బిళ్లలను వెలువరించెను. 1854 అక్టోబరు 1 నుండి కుంపిణీ పాలనములోని దేశమునకంతకు నొకే బిళ్ల, యొకే రుసుము నేర్పడెను. పావు తులము తూఁగు నుత్తరమునకు అర్ధణా. బందరునుండి గుడివాడకుఁ బోయినను, గలకత్తాకుఁ బోయినను వెల యొకటే. బిళ్ల యంటింపక పంపిన యుత్తరమునకు మాత్రము రెట్టింపు రుసుము. కావున నాఁటి లకోటాపై బిళ్ల యున్నదా, లేక వసూలు చేయవలసిన రుసుము గుఱుతు మాత్రమే యున్నదా యను నల్ప విషయమునకును అర్థము గలదు.

తెనుఁగుదేశపు చరిత్రకు లకోటాలు వేఱొక విధమున నుపకరించును. నైజాము రాజ్యము 1869లో సొంత బిళ్లలను వెలువరించెను. అవి యా రాజ్యములోపలనే చెల్లెడివి. ఆ రాజ్యపు బిళ్లలపై ఉర్దూ, ఇంగ్లీషులతోఁబాటు తెనుఁగు, మరాఠీ లిపులలోను వెల కానవచ్చుట భాషాచరిత్రకారులు గమనింపఁదగినది. 1931నాఁటి బిళ్లలలోఁ జార్మినారు, ఉస్మాన్ సాగరము, అజంతా గుహల ద్వారము చిత్రింపఁబడినవి. 1950 ఏప్రిలు 1న నా తపాలా శాఖ భారత తపాలా శాఖలోఁ గలిసెను. ఇట్లు ఒక్క భాష మాటలాడు జనులు ఎనుబదేండ్లకుఁ బైగా రెండు తపాలా వ్యవస్థలక్రింద నుండిరి. ఇఁక బెజవాడ, కోకనాడ, విజగపటం మున్నగు పాత రూపములు ముద్రలయందు నిలిచియున్నవి. ఊరిపేరుల మార్పును విచారించువారి కివి తేదీతోఁ గూడిన యాధారములు.

కాలనిర్ణయమున ముద్రల ప్రయోజనము మఱింత స్పష్టము. కవులును బండితులును దమ జాబులపైఁ దఱచుగా 'మంగళవారము' అనియో, తిథిని మాత్రమో వ్రాసి సంవత్సరమును విడుతురు. లకోటా జతగా నున్నచోఁ దపాలా ముద్ర యా కొఱఁతను దీర్చును. ముద్ర చెరగినచో బిళ్లయు, విలాసమును గొంత తోడ్పడును. 1957 ఏప్రిలు 1న దశాంశ నాణెములు వచ్చినవి. కావున 'నయా పైసా' యని యున్న బిళ్ల యంతకు ముందుది కానేరదు. 1972 ఆగస్టు 15న నాఱంకెల పిన్ సంఖ్య యమలులోనికి వచ్చెను. దానిని గల్పించిన శ్రీరామ భికాజీ వేలణకర్ తపాలా శాఖాధికారి యగుటయే గాక సంస్కృత కవియుఁ గూడ. పైవిలాసమునఁ బంపినవాని చేతివ్రాఁతతో పిన్ సంఖ్య యున్న లకోటా 1972నకుఁ దరువాతిదే. కాని పిన్ సంఖ్య లేనిదెల్లఁ బూర్వపుదని చెప్పరాదు. వ్రాయని వారును బెక్కండ్రు. ఇచట వ్యాప్తి యొకవైపుననే గలదు. మఱియు నొకనాఁటి జాబు వేఱొకనాఁటి లకోటాలోఁ జేరియుండవచ్చును గావున, రెంటికిని సంబంధము గలదో లేదో మొదట నిశ్చయింపవలెను.

ఇట్టి సాధనములను లోకమునకుఁ జూపుటకుఁ బ్రదర్శనశాలలు వెలసినవి. న్యూఢిల్లీలోని డాక్ భవనమున జాతీయ తపాలాబిళ్లల ప్రదర్శనశాల 1968 జూలై 6న నారంభింపఁబడెను. అమెరికాలో వాషింగ్టను నగరమునఁ బాత తపాలా భవనమందు స్మిత్సోనియన్ సంస్థవారి తపాలా ప్రదర్శనశాల 1993లోఁ దెఱవఁబడెను. లండనులోని తపాలా ప్రదర్శనశాల 2017లోఁ దెఱవఁబడినది. అచట నొకప్పు డుత్తరముల మూటలను మోసిన భూగర్భపు రైలుమార్గమున నేఁడు సందర్శకులు పయనింతురు. వస్తువును గాజుపెట్టెలో నుంచుటతోఁ బ్రదర్శనము ముగియదు, అది చేసిన పనిని జూపవలెననుటకు నా రైలే నిదర్శనము. లకోటా విషయమునను నిదియే సూత్రము. ముందువైపుతోఁబాటు వెనుకవైపు ఛాయాచిత్రమును బెట్టవలెను. చేరిన యూరి ముద్ర తఱచుగా వెనుకనే యుండును. ప్రక్కన నొక పటముపై నది నడచిన త్రోవను గీసి చూపవలెను. చిన్న పట్టణపు గ్రంథాలయమునకైనను నింతమాత్రము దుస్సాధ్యము గాదు.

పరిరక్షణమున గొన్ని నియమములు గలవు. వెలుతురు రంగులను, సిరాను వెలవెలఁబోఁజేయును గావున మూలమును గొలఁదికాలము మాత్రమే చూపి, తరువాతఁ బ్రతిని బెట్టుట మేలు. అంటుటేపు పసుపువన్నె కెక్కి కాగితమును జెఱుచును. ఇనుప గుండుసూదులు త్రుప్పుపట్టును. ఆమ్లము లేని కాగితపు సంచులలో, తేమ, చెదలు సోఁకని చోట నుంచవలెను. ప్రతి లకోటాకును సంఖ్య నిచ్చి, యెవరి యింట, ఏ కట్టలో దొరకెనో వ్రాయవలెను. కట్టలోని వరుసయు నొక యాధారమే, దానిని జెదరఁగొట్టరాదు.

బోధనమున మూలము బాలుర చేతి కియ్యవలసిన పని లేదు, ప్రతి చాలును. ఎచటిది, ఏనాఁటిది, ఎంత వెల, ఎన్ని దినములలోఁ జేరెను అను నాలుగు ప్రశ్నలతో నొక లకోటా చరిత్ర, భూగోళము, గణితము మూఁటికిని బాఠమగును. భారత తపాలా శాఖ 2017లో 'దీనదయాళ్ స్పర్శ్' అను పేర నాఱవ తరగతి మొదలు తొమ్మిదవ తరగతివఱకుఁ జదువు విద్యార్థులకు సంవత్సరమునకు 6000 రూపాయల విద్యార్థివేతనము నేర్పఱచెను. ప్రశ్నోత్తరములు, స్వయముగాఁ జేసిన యొక రచన దానికిఁ బరీక్షలు. అట్టి రచనకుఁ గొన్న బిళ్లలకంటె దమ యింటి లకోటాలను విషయముగాఁ గొనునట్లు పండితులు ప్రోత్సహించినచో, విద్యార్థికి వేతనమును, దేశమునకు నాధారమును దక్కును.

ఒక్క జాగ్రత్త చెప్పవలసియున్నది. ఉత్తరము పరులకొఱకు వ్రాసినది గాదు. అప్పులు, రోగములు, కుటుంబకలహములు నందుండును. సంబంధికుల సమ్మతి లేక లోపలి వ్రాఁతను బ్రదర్శింపరాదు. లకోటా మాత్రమే తపాలా చరిత్రకుఁ జాలినచో లోపలి జాబును వేఱుగా, సంఖ్య చెదరకుండ, భద్రపఱచి మూసియుంచవచ్చును.

రాజుల శాసనములు రాతిపైఁ జెక్కఁబడినవి గావున నిలిచినవి. సామాన్యుల జాబులు పలుచని కాగితముపై నున్నవి. ఇంటివారు కాపాడిననే నిలుచును. పాత పెట్టెను దెఱచినవారు కత్తెర నావలఁ బెట్టి, మొదటఁ గలము చేతఁబట్టి, ముద్రలోని యూరును, దేదీని వ్రాసికొనవలెను.