రాబోయే హైబ్రిడ్ పికప్‌లో మోటారు ఎక్కడ ఉంటుంది?

సాయంత్రం ఏడు గంటలు. గురుగ్రామ్ దగ్గర ఎన్‌హెచ్-48 మీద ట్రాఫిక్ కదలడం లేదు. మా క్యాబ్ పక్కనే ఓ భారీ పికప్ ఆగి ఉంది. ఎత్తయిన టైర్లు, అద్దం పక్కగా ఏనుగు తొండంలా పైకి లేచిన గాలి గొట్టం. వాగులు దాటడానికి, గుట్టలెక్కడానికి తయారైన బండి. ప్రస్తుతానికి మాత్రం నిలబడ్డ చోటే డీజిల్ తాగుతూ గుడగుడలాడుతోంది. మా డ్రైవర్ దాని వంక చూసి, వీటిలోనూ హైబ్రిడ్ వస్తుందట కదా అన్నాడు హిందీలో.

ఇది రాసే నాటికి పూర్తిస్థాయి హైబ్రిడ్ పికప్ ఏదీ మన మార్కెట్లో లేదు. 2022లో వచ్చిన టయోటా హైలక్స్ డీజిల్. తిరుపతి జిల్లా శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ కూడా డీజిలే. రేపు హైబ్రిడ్ వస్తే అందులో ఏముంటుందో కంపెనీలు ముందుగా చెప్పవు. కానీ కొండ ఎక్కడానికి ఎంత బలం కావాలో ఏ కంపెనీ రహస్యమూ కాదు. అక్కడి నుంచి మొదలుపెడితే చాలా దూరం ఊహించవచ్చు.

సరుకు, మనుషులతో కలిపి 2,500 కిలోల పికప్ అనుకుందాం. 30 డిగ్రీల మట్టి వాలు ఎక్కాలి. బండిని వెనక్కి లాగే గురుత్వ బలం 2,500 × 9.8 × 0.5, అంటే 12,250 న్యూటన్లు. వదులు మట్టిలో టైర్లకు ఎదురయ్యే నిరోధం కూడా కలిపితే సుమారు 14,000 న్యూటన్లు. చక్రం వ్యాసార్ధం 40 సెంటీమీటర్లయితే, చక్రాల దగ్గర కావలసిన తిప్పుడు బలం, అంటే టార్క్, 5,600 న్యూటన్ మీటర్లు.

ఇంత టార్క్ ఏ ఇంజినూ నేరుగా ఇవ్వదు. గేర్లు దాన్ని పెంచుతాయి. ఆఫ్-రోడ్ బళ్లలో మామూలు గేరుబాక్సు వెనక 'లో రేంజ్' అనే మరో గేరు ఉంటుంది. మొదటి గేరు 3.6 రెట్లు, లో రేంజ్ 2.5 రెట్లు, ఇరుసు దగ్గరి గేరు 4 రెట్లు అనుకుంటే, మూడూ గుణిస్తే 36 రెట్లు. అప్పుడు గేరుబాక్సు ముందు కావలసిన టార్క్ 156 న్యూటన్ మీటర్లే. రాపిడి నష్టాలు కలిపినా 175 దాటదు.

చిక్కు వేగంతో వస్తుంది. రాళ్ల మీద గంటకు 5 కిలోమీటర్లకు మించి వెళ్లలేం. ఆ వేగంలో, 36 రెట్ల గేరుతో, ఇంజిన్ తిరిగేది నిమిషానికి 1,200 సార్లకు కాస్త అటూఇటూ. హైలక్స్ 2.8 లీటర్ డీజిల్ ఆటోమేటిక్ తన పూర్తి 500 న్యూటన్ మీటర్లు ఇచ్చేది 1,600 దగ్గర మొదలవుతుంది. అంతకన్నా కింద టర్బోకు తగినంత పొగ వేడి, ఒత్తిడి అందవు. డ్రైవర్ యాక్సిలరేటర్ తొక్కుతాడు, బండి ఒక్క క్షణం ఆలోచిస్తుంది, ఆ తర్వాత ఒక్కసారిగా దూకుతుంది. రాతి అంచు మీద ఒక చక్రం నిలబెట్టి ఉన్నప్పుడు ఆ దూకుడు చాలా ప్రమాదం. విద్యుత్ మోటారుకు ఈ ఇబ్బంది లేదు. సున్నా వేగం నుంచే పూర్తి టార్క్ ఇస్తుంది.

మరి ఆ మోటారును ఎక్కడ పెట్టాలి? నా దృష్టిలో అసలు ప్రశ్న ఇదే.

ఇన్నోవా హైక్రాస్ లాంటి కార్లలో ఇంజిన్, రెండు మోటార్లు ఒక గ్రహ గేరు చుట్టూ అమరి ఉంటాయి. ఇంజిన్ శక్తిలో కొంత భాగం కరెంటుగా మారి, మళ్లీ మోటారు ద్వారా చక్రానికి చేరుతుంది. నగరంలో ఇంధనం ఆదా చేయడానికి దీనికి మించింది అరుదు. కానీ దాని వెనక లో రేంజ్ లేదు. కొండ మీద బరువంతా మోటారు మీదే పడుతుంది.

రెండో దారి బీవైడీ షార్క్ 6ది. వెనక చక్రాలకు ఇంజిన్ నుంచి షాఫ్ట్ లేదు, వెనక ఇరుసును మోటారే తిప్పుతుంది. బ్యాటరీ 29.6 కిలోవాట్-గంటలు, అంటే మన కరెంటు బిల్లు లెక్కలో 29.6 యూనిట్లు. రోడ్డు మీద పరుగు అద్భుతం. కానీ ఇరుసు దగ్గరి మోటారుకు ఉండేది సాధారణంగా 10 రెట్ల ప్రాంతంలో ఒకే గేరు. పైన చెప్పిన వాలుకు మోటార్లు 560 న్యూటన్ మీటర్లకు పైగా, ఆగకుండా ఇవ్వాలి. మెల్లగా తిరుగుతూ ఎక్కువ టార్క్ ఇచ్చే మోటారు త్వరగా వేడెక్కుతుంది. ఈ తరగతి డీజిల్ పికప్‌లు 3,500 కిలోల ట్రైలర్ లాగుతుంటే, షార్క్‌కు 2,500 కిలోలే అనుమతించారు.

మూడో దారి ఇంజిన్‌కూ గేరుబాక్సుకూ మధ్య మోటారు పెట్టడం. ఇంజినీర్లు దీన్ని పీ2 అంటారు. ఇక్కడ మోటారుకు కూడా ఆ 36 రెట్ల గేర్లన్నీ అందుతాయి. టయోటా అమెరికాలో అమ్మే టండ్రా, టకోమా హైబ్రిడ్లలో ఇదే అమరిక. మోటారు 48 హార్స్‌పవర్, టార్క్ 250 న్యూటన్ మీటర్లు. మనకు కావలసింది 175! ఫోర్డ్ ఎఫ్-150 హైబ్రిడ్‌లోనూ 35 కిలోవాట్ల మోటారును గేరుబాక్సులోనే ఇమిడ్చారు. పోటీ కంపెనీలు రెండూ ఒకే చోటికి చేరడం యాదృచ్ఛికం అనుకోను. ఆఫ్-రోడ్ కోసమే చేసిన టకోమా టీఆర్‌డీ ప్రో ఇప్పుడు హైబ్రిడ్‌గా మాత్రమే దొరుకుతుంది.

బ్యాటరీ సంగతి కొంచెం తమాషాగా ఉంటుంది. టండ్రాలో ఉన్నది 1.87 యూనిట్లే. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో మన వాలు ఎక్కడానికి నష్టాలతో కలిపి సుమారు 22 కిలోవాట్లు కావాలి. బ్యాటరీలో సగమే వాడుకోనిస్తారనుకున్నా రెండున్నర నిమిషాలు వస్తుంది. వంద మీటర్ల వాలుకు పట్టేది 72 సెకన్లు. కాబట్టి ఎక్కడానికి చిన్న బ్యాటరీ సరిపోతుంది.

దిగేటప్పుడే సరిపోదు. ఢిల్లీ వాళ్ల వారాంతపు ముస్సోరీ ప్రయాణమే తీసుకోండి. ముస్సోరీ సుమారు 2,000 మీటర్ల ఎత్తులో ఉంది, డెహ్రాడూన్ 640 మీటర్ల ప్రాంతంలో. మన పికప్ ఆ కొండ దిగితే విడుదలయ్యే స్థితిశక్తి 9 యూనిట్లకు పైనే. గాలి, టైర్ల నిరోధం పోగా సగం మిగిలినా, 1.87 యూనిట్ల బ్యాటరీ సగం దారిలోనే నిండిపోతుంది. ఆ తర్వాత పాత పద్ధతే, ఇంజిన్ బ్రేకింగ్. హైబ్రిడ్ కదా అని కొండ దిగుతూ గేరు మార్చకుండా కూర్చునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఇప్పటికే వచ్చిన 48 వోల్టుల 'మైల్డ్ హైబ్రిడ్' మాటేమిటి? 2025లో ఫార్చ్యూనర్ డీజిల్‌కు మన దగ్గర అది జోడించారు. దాని మోటారు 12 కిలోవాట్లు, 65 న్యూటన్ మీటర్లు, ఇంజిన్‌కు బెల్టుతో కలుపుతారు. టర్బో మేల్కొనేలోపు ఒక తోపు ఇస్తుంది. కావలసిన 175 ముందు 65 ఎంతో మీరే చూడండి. ఖర్చు తక్కువ కాబట్టి పికప్‌లలో ముందుగా వచ్చేది అదే కావచ్చు. కానీ దాన్ని హైపర్ఫార్మెన్స్ హైబ్రిడ్ అనలేం.

ఇంతవరకు భౌతికశాస్త్రం. డీజిలా, పెట్రోలా అన్నది తేల్చేటప్పుడు ఢిల్లీలో న్యాయస్థానం కూడా పక్కన కూర్చుంటుంది. 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు 2,000 సీసీ, అంతకు మించిన డీజిల్ కార్ల రిజిస్ట్రేషన్‌ను ఇక్కడ ఆపేస్తే, మహీంద్రా కొన్ని వారాల్లోనే స్కార్పియోకు 1.99 లీటర్ ఇంజిన్ తెచ్చింది. 2016 ఆగస్టులో ఒక శాతం హరిత సుంకంతో ఆ నిషేధం తొలగింది. డీజిల్ బండికి పదేళ్లు, పెట్రోలుకు పదిహేనేళ్లు అన్న నిబంధన ఢిల్లీ ప్రాంతంలో వేరుగా ఉంది. 2025లో దాని అమలుపై సుప్రీంకోర్టు కొంత ఊరటనిచ్చినా, ఖరీదైన పికప్ కొనేవాడి మనసులో ఆ అయిదేళ్ల తేడా అలాగే ఉంటుంది. దీనికి తోడు, హైబ్రిడ్‌లో ఇంజిన్ మాటిమాటికి ఆగితే డీజిల్ పొగను శుద్ధి చేసే ఉత్ప్రేరకం చల్లబడుతుంది. సుమారు 200 డిగ్రీల కింద అది సరిగా పనిచేయదు.

అందుకే నా అంచనా ఇది: టర్బో పెట్రోల్ ఇంజిన్, దాని వెనక 35 నుంచి 50 కిలోవాట్ల మోటారు, గేరుబాక్సు, లో రేంజ్ యథాతథం, వెనక సీటు కింద రెండు యూనిట్ల లోపు బ్యాటరీ. తప్పు కూడా కావచ్చు. బ్యాటరీ ధరలు ఇలాగే తగ్గితే షార్క్ దారి గెలుస్తుంది.

పరీక్షల కోసం నలుపు తెలుపు స్టిక్కర్లు చుట్టుకున్న పికప్ రోడ్డు మీద ఎప్పుడైనా కనిపిస్తే రెండు చోట్ల చూడండి. ఛార్జింగ్ మూత ఉంటే పెద్ద బ్యాటరీ ఉన్నట్టే. ఆ తర్వాత వంగి కిందికి చూడండి. గేరుబాక్సు నుంచి వెనక ఇరుసు దాకా షాఫ్ట్ లేకపోతే, నా అంచనా తప్పినట్టే.