ఇంటిపేరు లేని వెంకన్న

మాది రాజోలు దగ్గర లంక గ్రామం. మా తాతగారి తాతకి వెంకన్న అని ఓ అన్న. మద్రాసులో ఓడెక్కి నటాల్ చెరకు తోటలకి పోయాడు, మళ్లీ రాలేదు. పోయిన తిథి తెలీక తద్దినమూ లేదు.

మద్రాసు నుంచి కూలీలతో బయల్దేరిన 'ట్రూరో' ఓడ డర్బన్ చేరింది 1860 నవంబరు 16న. 1911 దాకా అలా నటాల్ వెళ్లిన మనవాళ్లు లక్షా 52 వేల పైమాటే. ఆ ఓడల జాబితాలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. మనిషికో నంబరు, పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు. ఇంటిపేరే ఉండదు. తెలుగువాడికి అసలు గుర్తు అదే కదా! పైగా గుమాస్తాలు చెవికి ఎలా వినపడితే అలా ఇంగ్లిషులో రాసేశారు. ఒక్క వెంకన్నకే ఎన్ని స్పెల్లింగులో! అన్నిటినీ ఏరే చిన్న ప్రోగ్రామ్ రాసుకున్నా. గోదావరి జిల్లా వెంకన్నలు ముగ్గురు తేలారు.

"తండ్రి పేరు చూడరా. మనింట్లో తాత పేరే మనవడికి పెడతారు" అంది నాన్నమ్మ.

ఒకడి తండ్రి సుబ్బన్న. మా ముత్తాత సుబ్బన్న, నాన్న సుబ్బారావు! ఊరి పేరు మాత్రం సగమే పోలింది.

అక్కడ చాలా కుటుంబాల్లో తాతల పేర్లే ఇంటిపేర్లయ్యాయి. అందుకే డర్బన్‌లో 'వెంకన్న' ఇంటిపేరు వాళ్లని వెతుకుతున్నా. వాళ్ల దగ్గర ఆయన పోయిన తేదీ ఉంటే నాన్నమ్మకి చెప్పాలి.