క్రీడాభిమానియు సామాజిక మాధ్యమములును

మన ఆలంకారికులు నాటకము చూచువానిని సామాజికుడనిరి. అతడు సభలో కూర్చుండి రసము నాస్వాదించునే కాని రంగస్థల మెక్కడు. నేడు సామాజిక మాధ్యమము లనబడునవి ఆ మర్యాదను మార్చివైచినవి. ఆట చూచువాడు తన మాటతో ఆటగాని ముంగిటికే పోవుచున్నాడు. దీనివలన కలిగిన మేలుకీడులను గూర్చి నాలుగు మాటలు చెప్పెదను.

1983వ సంవత్సరము జూన్ 25వ తేదీన లార్డ్సు మైదానములో భారతదేశము వెస్టిండీసును 43 పరుగులతో ఓడించి ప్రపంచకప్పు గెలిచినపుడు, ఎల్లారెడ్డిలో ఒక హోటలు ముందర రేడియో చుట్టు చేరిన గుంపులో నే నొకడను. వికెట్టు పడిన మెచ్చుకొంటిమి, బంతి హద్దు దాటిన తిట్టితిమి. ఆ మెప్పును తిట్టును చాయ్ గ్లాసులతోపాటు అచ్చటనే చల్లాఱినవి. కపిల్‌దేవ్ చెవికి వానిలో నొక్కటియు చేరలేదు.

ఈ మాధ్యమములవలన మేలు లేదనరాదు. 2016 వఱకు మా ఎల్లారెడ్డి నిజామాబాదు జిల్లాలోనిదే. ఆ నిజామాబాదు బిడ్డయే బాక్సింగు క్రీడాకారిణి నిఖత్ జరీన్. 2019 అక్టోబరులో, ఒలింపిక్ అర్హతపోటీలకు ఎంపిక పోటీ లేకయే మేరీకోమ్‌ను పంపుదురన్న వార్త పుట్టగా, తనకును అవకాశ మిమ్మని నిఖత్ క్రీడామంత్రికి లేఖ వ్రాసి, దానిని ట్విట్టరులో అందఱి యెదుట నుంచెను. వెనుకటి దినములలో అట్టి లేఖ యేదో దస్త్రములో మఱుగుపడెడిది. దీనిని దేశమంతయు చదివెను. డిసెంబరులో ఎంపిక పోటీ జరిగినది. అందు నిఖత్ 9–1 తేడాతో ఓడెను. లేఖ పోయిన ద్వారముననే హేళనలును వచ్చిపడినవి. 2022 మే 19న ఇస్తాంబులులో ప్రపంచవిజేత యైన పిమ్మట, ట్విట్టరులో తన పేరు ట్రెండింగులో నున్నదా యని ఆమె విలేకరుల నడిగెను. మన మాట వారి కెంత దగ్గరయైనదో దీనివలన తెలియుచున్నది.

ట్రెండింగనగా నేమి? కొద్దికాలములో అనేకులు ఒకే పేరు పలికినచో, యంత్రము లెక్కించి దానిని పైకెత్తి చూపుట. ఆ యంత్రమునకు మెప్పును తిట్టును ఒక్కటే. ఎందఱు చూచిరి, ఎంతసేపు నిలిచిరి, ఎందఱు బదులు పలికిరి యన్నదే దాని లెక్క. కోపము జనులను నిలిపి బదులు పలికించును గనుక కోపపు మాట త్వరగా వ్యాపించును. మనము దేనియొద్ద నిలిచితిమో అట్టిదానినే అది మఱల మఱల మన ముందు పెట్టును. అందుచే ఒక్క క్యాచి జాఱవిడిచిన ఆటగాడు మన ఫోనులో దినమంతయు దానినే జాఱవిడుచుచుండును. అతడు చేసిన తక్కిన పని కనబడదు.

హైదరాబాదువాసి మహమ్మద్ సిరాజ్ తండ్రి ఆటోరిక్షా నడిపి కొడుకును పెంచెను. సరిగా ఆడనినాడు, పోయి తండ్రితో ఆటో నడుపుకొమ్మని జనులు హేళన చేసిరని సిరాజే చెప్పియున్నాడు. 2025 ఆగస్టు 4న ఓవల్ మైదానములో చివరి వికెట్టు తీసి భారతదేశమును 6 పరుగులతో గెలిపించిననాడు, జనులే అతనిని ఆకాశమున కెత్తిరి.

నా తప్పునుగూడ చెప్పవలెను. 2024 ఆగస్టు 1న పారిస్ ఒలింపిక్సులో నిఖత్ ఓడినది. ఆనాడు మా పూర్వవిద్యార్థుల వాట్సాపు గ్రూపులో ఎవరో ఆమెను ఎగతాళి చేయుచు నొక మాట పెట్టిరి. నేను నవ్వు బొమ్మ నొత్తి, ఆ మాటను మఱియొక గ్రూపునకు పంపితిని. నాయొద్ద చదివిన అమ్మాయి యొకతె, “సారూ, ఆమె మన బడిపిల్ల యైనచో మీ రిట్లు నవ్వియుందురా?” అని యడిగెను. ముప్పదియేండ్లు బడిలో, ఓడిన పిల్లల వెన్ను తట్టినవాడను. బదులు తోచలేదు. పంపినదానిని తుడిచివేసితిని, కాని అప్పటికే అది యెంతదూరము పోయెనో యెఱుగను.

కావున అభిమానులకు నా మనవి యిది. ఆటను విమర్శింపవచ్చును; పుట్టుకను, మతమును, తండ్రి వృత్తిని ఎత్తిపొడువరాదు. ఓడినవేళ వ్రాయదలచిన మాటను ఒక్కరాత్రి ఆపి, తెల్లవాఱిన పిమ్మట చదివి చూడుడు. ఆటగాని యెదుట నిలిచి పలుకగల మాటయైనచో పంపుడు. కానిచో, ఆ హోటలు ముందరి మాటలవలె దానిని అచ్చటనే చల్లాఱనిండు.