కొండ కింద గురువారం సంత

దక్షిణ స్పెయిన్‌లోని గ్రనాదా నగరంలో బస్సెక్కి, సియెర్రా నెవాదా పర్వతాలను చుట్టుకుంటూ గంటన్నర వెళితే ఓర్హివా వస్తుంది. జనాభా ఆరు వేలకు అటూ ఇటూ. ఊరు చిన్నదే అయినా, అల్పుహారా అని పిలిచే ఆ కొండపల్లెలకు పెద్ద బజారు ఇదే. గురువారం ఇక్కడ సంత. బాదంపప్పు, ఎండు అంజూరలు, ఆలివ్ నూనె, నారింజలు ఒక వరసలో ఉంటే, పొడుగాటి జడల వాళ్లు చేత్తో చేసిన పూసల దండలు, తోలు సంచులు మరో వరసలో ఉంటాయి. పాత బట్టల పేలికలను మగ్గం మీద నేసి చేసే చారల తివాచీలు ఈ ప్రాంతపు సొంత సరుకు. వాటిని హరపాలంటారు. వెళ్లినవాళ్లు ఒక్కటైనా కొనుక్కోవాలని నా సిఫార్సు.

ఆ జడల వాళ్లు ఎక్కడి నుంచి వచ్చారంటారా? ఊరికి దగ్గర్లోని ఓ లోయలో 1980ల చివర్లో బెనెఫీసియో అనే హిప్పీల నివాసం వెలిసింది. యూరప్ నలుమూలల నుంచి వచ్చినవాళ్లు అక్కడ గుడారాల్లో, తాము కట్టుకున్న గుడిసెల్లో ఉంటారు. ఓర్హివాలోనే నక్ష్‌బందీ సూఫీల సమూహం కూడా ఉంది. జంట గోపురాల పాత చర్చి సరేసరి.

ఇంకాస్త పైకెక్కితే టిబెటన్ బౌద్ధుల ధ్యానకేంద్రం ఓ సెల్ లింగ్ కనిపిస్తుంది. దానికి ఆ పేరు పెట్టింది స్వయంగా దలైలామా, 1982లో వచ్చినప్పుడు. ఆ కేంద్రానికి మూలపురుషుడైన లామా యెషే 1984లో కన్నుమూశారు. మరుసటి ఏడాది, ఈ కొండల్లోని బుబియోన్ పల్లెలో ఉండే ఓ స్పానిష్ దంపతులకు కొడుకు పుట్టాడు. పేరు ఓసెల్. యెషే మళ్లీ పుట్టాడని బౌద్ధ గురువులు గుర్తించింది ఈ బాబునే! అతను పెరిగిందీ చదివిందీ మన పక్కనే, కర్ణాటకలోని సెరా మఠంలో. పెద్దయ్యాక మఠం వదిలి, మాడ్రిడ్‌లో సినిమా చదువు చదువుకున్నాడు.

జెనెసిస్ రాక్ బృందానికి మొట్టమొదటి డ్రమ్మర్ ఎవరో తెలుసా? క్రిస్ స్టీవర్ట్. ఆ బృందం ప్రపంచ ప్రఖ్యాతి పొందక ముందే బయటికొచ్చి, గొర్రెల ఉన్ని కత్తిరించే పని నేర్చుకుని, చివరికి ఓర్హివా దగ్గర నది అవతల ఓ పొలం కొన్నాడు. ఆ బతుకు మీద 1999లో ఆయన రాసిన ‘డ్రైవింగ్ ఓవర్ లెమన్స్’ చదివి ఇటు దారి పట్టినవాళ్లు ఎందరో. అంతకు చాలాముందే, 1920లో, ఆంగ్ల రచయిత జెరాల్డ్ బ్రెనన్ తూర్పు అల్పుహారాలోని యేగెన్‌లో కాపురం పెట్టాడు. 1923లో వర్జీనియా వుల్ఫ్ ఆయన ఇంటికి అతిథిగా వచ్చింది.

పైనున్న త్రెవేలెస్ పల్లె ఎత్తు దాదాపు 1,476 మీటర్లు. అక్కడి చల్లని పొడిగాలికి నెలల తరబడి ఆరిన పంది తొడమాంసం స్పెయిన్ అంతటా ప్రసిద్ధం. 1862లో రెండో ఇసబెల్ రాణి దానికి రాజముద్ర ఇచ్చింది.

ఇవన్నీ ఒక ఎత్తు, ఇక్కడి నీళ్ల కథ ఒక ఎత్తు. ఎండకు మాడే దక్షిణ స్పెయిన్‌లో ఈ అల్పుహారా ఇంత పచ్చగా ఉండడానికి కారణం వెయ్యేళ్ల కిందట ముస్లిం రైతులు తవ్విన కాలువలు. అసేకియాలంటారు. వాటిలో ఒక రకం మరీ అద్భుతం. వసంతంలో మంచు కరగ్గానే ఆ నీటిని ఎత్తులోనే మళ్లించి, నీరు ఇట్టే ఇంకే నేల ఉన్నచోట కొండవాలు మీదికి వదిలేస్తారు. అది కొండ లోపల మెల్లగా దిగి, వారాలకో నెలలకో కింద ఊటలుగా బయటపడుతుంది, సరిగ్గా వేసవిలో పొలం దాహంతో ఉన్నప్పుడు. ఆనకట్ట లేదు, సిమెంటు లేదు. కొండే చెరువు.

1568లో ఇక్కడి మొరిస్కోలు, అంటే బలవంతంగా క్రైస్తవంలోకి మార్చిన ముస్లింల వారసులు, స్పెయిన్ రాజు మీద తిరగబడ్డారు. ఓడిపోయాక వాళ్లను గ్రనాదా రాజ్యం నుంచే వెళ్లగొట్టి, ఉత్తరాది నుంచి తెచ్చిన కుటుంబాలకు ఆ భూములిచ్చారు. కొత్తవాళ్లకు ఈ కాలువల సంగతి తెలియదు. అందుకని ఊరికి కొన్ని మొరిస్కో కుటుంబాలను నీటిపని నేర్పడానికి ఉండనిచ్చారని చెబుతారు. నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. తమవాళ్లందరినీ తరిమేశాక, వాళ్ల పొలాలకే నీళ్లు పెట్టడం నేర్పాల్సి రావడం.

ఆ విద్య పూర్తిగా చావలేదు. నీటి వంతులు చూసే నీరటి పని ఈ పల్లెల్లో ఇప్పటికీ ఉంది. పల్లెలు ఖాళీ అవుతూ కొన్ని కాలువలు పూడిపోయిన మాట నిజమే. ఓర్హివాకు ఎగువన కాన్యార్ పల్లెలో దశాబ్దాలుగా పాడుబడ్డ బార్హాస్ కాలువను 2014లో గ్రనాదా విశ్వవిద్యాలయం వాళ్లు, ఊరివాళ్లు, స్వచ్ఛందంగా వచ్చినవాళ్లు కలిసి పారలతో పూడిక తీశారు. అందులో మళ్లీ నీళ్లు పారాయి. ఆ తర్వాత అదే బృందం ఇతర పల్లెల కాలువలనూ బాగుచేస్తూ వచ్చింది.