తీర్పు వచ్చింది, మరి హక్కు వచ్చిందా?

పేపరు తిరగేస్తే ఒక రోజు "చారిత్రక తీర్పు" అని ఉంటుంది. ఇంకో రోజు అదే విషయం మీద "ఎదురుదెబ్బ" అని ఉంటుంది. ఆడవాళ్ల హక్కులైనా, స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్‌జెండర్ల హక్కులైనా ఇదే వరస. "ఇంతకీ గెలిచినట్టా, ఓడినట్టా?" అని మన క్లాసులోనే చాలామంది అడిగారు. నాకు అర్థమైనంతలో చెప్తాను.

మొదట ఇంటి సంగతి. "ఆడపిల్ల అంటే ఆడ పిల్లే గానీ ఈడ పిల్ల కాదు" అని మన ఇళ్లలో పెద్దవాళ్లు అనే మాట అందరికీ తెలుసు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం కూడా ఇంచుమించు అదే అంది. ఉమ్మడి ఆస్తిలో కొడుక్కి పుట్టుకతో హక్కు, కూతురికి లేదు. దాన్ని మార్చిన తొలి రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. తర్వాత 1989లో మన తమిళనాడు, 1994లో కర్ణాటక, మహారాష్ట్ర ఆ దారి పట్టాయి. కానీ ఒక మెలిక పెట్టారు: అప్పటికే పెళ్లయిన కూతుళ్లకు వాటా లేదు. 2005 సెప్టెంబరు 9న దేశమంతటికీ వచ్చిన సవరణ ఆ మెలిక తీసేసింది.

కథ అక్కడితో అయిపోలేదు. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉంటేనే కూతురికి హక్కు అని 2015లో సుప్రీంకోర్టు అంది. అంటే తండ్రి ఆ ముందు నెలలో పోయినా వాటా పోయినట్టే! ఐదేళ్ల తర్వాత, 2020 ఆగస్టు 11న, ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సరిదిద్దింది. హక్కు పుట్టుకతో వచ్చేది కాబట్టి తండ్రి ఆ రోజు ఉన్నాడా లేడా అన్న ప్రశ్నే లేదు అంది. 2004 డిసెంబరు 20కి ముందే చట్టప్రకారం పూర్తయిన పంపకాలను మాత్రం తిరగదోడకూడదు.

రెండోది 377వ సెక్షన్. బ్రిటిష్ వాళ్లు 1860లో రాసిన శిక్షాస్మృతిలోది. ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపడి కలిసినా నేరమే అనేది. ఢిల్లీ హైకోర్టు 2009లో అది నేరం కాదంది. 2013లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఇలాంటివాళ్లు చాలా కొద్దిమందే కదా అన్నది అప్పుడు చెప్పిన కారణాల్లో ఒకటి. తల లెక్కపెట్టి హక్కు ఇవ్వడమేంటి అని నాకు అనిపిస్తుంది. 2018 సెప్టెంబరు 6న ఐదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా మళ్లీ నేరం కాదన్నారు. అయితే 2023 అక్టోబరులో, స్వలింగ వివాహాన్ని గుర్తించడం పార్లమెంటు పని అని సుప్రీంకోర్టు వదిలేసింది. కలిసి బతకొచ్చు, కానీ కాగితం మీద భార్యాభర్తలు కారు.

ట్రాన్స్‌జెండర్ల సంగతి ఇంకా వింత. నిజాం కాలంలో, 1919లో, హైదరాబాదులో ఒక చట్టం చేశారు. ఆడవేషంలో వీధిలో కనిపించినా, పాడినా, ఆడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు. నిజాం పోయాడు, రాష్ట్రాలు మారాయి, చట్టం మాత్రం పుస్తకంలో అలాగే ఉంది. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2014లో సుప్రీంకోర్టు "మీరెవరో మీరే చెప్పుకోవచ్చు" అని తీర్పిస్తే, 2019 చట్టం "కలెక్టరాఫీసు నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోండి" అంది. పైగా స్త్రీ మీద అత్యాచారానికి కనీసం పదేళ్ల శిక్ష ఉంటే, ఈ చట్టంలో ట్రాన్స్‌జెండర్ మీద లైంగిక దాడికి గరిష్ఠ శిక్షే రెండేళ్లు.

అందుకే వార్త చదివినప్పుడు నేను మూడు ప్రశ్నలు వేసుకుంటున్నాను. ఇచ్చింది కోర్టా, చట్టసభా? ఎవరిని వదిలేశారు? ఎప్పటి నుంచి అమలు? ఉదాహరణకు, చట్టసభల్లో మహిళలకు మూడో వంతు సీట్లిచ్చే రాజ్యాంగ సవరణ 2023 సెప్టెంబరులో వచ్చింది. కానీ ఆ తర్వాత జరిగే జనాభా లెక్కలు, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలని అందులోనే రాశారు. శీర్షికలో ఆ ముక్క కనపడదు.

ఇక దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, అది మన ఇళ్లలోనే జరుగుతోంది. "పసుపు కుంకుమల కింద ఇచ్చాంగా" అని చెప్పి, కూతురి చేత విడుదల పత్రం మీద సంతకం పెట్టించుకుంటారు. ఒక్కసారి సంతకం పెట్టి రిజిస్టరు చేస్తే దాన్ని రద్దు చేయించడం చాలా కష్టం. పెట్టేవాళ్లు కనీసం చదివి పెట్టండి.

మన తెలుగు శాఖ చేయగలిగినది కూడా ఒకటుంది. ఈ రాష్ట్రంలో ట్రాన్స్ మహిళను "తిరునంగై" అని గౌరవంగా పిలుస్తారు. మద్రాసు హైకోర్టు చెప్పిన మీదట తమిళనాడు ప్రభుత్వం ఇలాంటి పదాల పట్టికను 2022లో గెజెట్‌లో వేసింది. మన తెలుగులో వాడుకలో ఉన్న పాత మాటలు చాలావరకు తిట్లే. తెలుగులో అలాంటి పట్టిక మనమే ఎందుకు మొదలుపెట్టకూడదు? మీకు తోచిన మాటలు కాగితం మీద రాసి శాఖ గదిలో ఇవ్వండి, వచ్చే సంచికలో ఇదే గోడ మీద పెడదాం.