గల్ఫ్ మెడికల్‌లో ‘ఫిట్’ అయితే చాలా?

రియాద్, జెడ్డా, దమ్మాం... సౌదీలో ఎక్కడ ఉన్నా మనవాళ్ళందరూ దాటి వచ్చిన గడప ఒకటుంది. వీసాకి ముందు హైదరాబాదులో గామ్కా మెడికల్ (ఇప్పుడు ‘వాఫిద్’ అంటున్నారు), ఇక్కడ దిగాక ఇకామా కోసం మళ్ళీ రక్తపరీక్ష. హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, సి, సిఫిలిస్ అందులో చూస్తారు. ‘ఫిట్’ అన్న కాగితం చేతికి రాగానే ఇక సుఖవ్యాధుల గొడవ మనకి లేదనుకుంటాం. అపోహల్లో పెద్దది ఇదే.

ఆ కాగితం రక్తం ఇచ్చిన రోజు సంగతే చెబుతుంది. అదీ పూర్తిగా కాదు. హెచ్.ఐ.వి. సోకిన వెంటనే పరీక్షలో కనపడదు. ల్యాబ్‌లో చేసే నేటి పరీక్షలకు ఆరు వారాల దాకా, వేలి నుంచి చుక్క రక్తం తీసి చేసే ర్యాపిడ్ పరీక్షలకు మూడు నెలల దాకా పట్టవచ్చు. గనేరియా, క్లమీడియాలకైతే మూత్రం లేదా స్రావాల పరీక్ష కావాలి. అవి చాలామందిలో ఏ బాధా లేకుండానే ఉంటాయి.

“పుండు మానింది, జబ్బు పోయింది” అనేది ఇంకో మాట. సిఫిలిస్ పుండుకు సాధారణంగా నొప్పి ఉండదు, మందు వేయకపోయినా కొన్ని వారాల్లో మానుతుంది. జబ్బు మాత్రం ఒంట్లోనే ఉంటుంది. సెలవుకి ఇంటికెళ్ళినప్పుడు భార్యకు, ఆమె గర్భవతి అయితే బిడ్డకు కూడా చేరవచ్చు. తొలిదశలో డాక్టరు ఇచ్చే ఒక్క పెన్సిలిన్ ఇంజక్షన్‌తో నయమయ్యే జబ్బిది! షాపులో అడిగి నాలుగు మాత్రలు మింగడం వైద్యం కాదు.

ఇక రూమ్మేట్ల భయాలు. దోమకాటు, ఒకే కంచం, ఒకే బాత్‌రూమ్ వల్ల హెచ్.ఐ.వి. రాదు. హెపటైటిస్ బి విషయంలో రేజరు, టూత్‌బ్రష్ పంచుకోకపోవడం మంచిదే. దానికి మూడు డోసుల టీకా ఉంది, వేయించుకున్నవాళ్ళు మనలో ఎందరో!

హెచ్.ఐ.వి. ఉన్న విదేశీయుడికి ఇక్కడ ఇకామా ఇవ్వరు. ఉద్యోగం పోతుందన్న భయంతో అనుమానం ఉన్నవాళ్ళు కూడా పరీక్షకు వెళ్ళరు, అది సహజమే. కానీ ఆ మౌనానికి మూల్యం ఇంట్లోవాళ్ళు చెల్లిస్తారు. సెలవులో వెళ్ళినప్పుడు ప్రభుత్వాసుపత్రిలోని ఐ.సి.టి.సి.లో ఉచితంగా, గోప్యంగా పరీక్ష చేస్తారు. మందులు 2004 నుంచి మన దేశంలో ప్రభుత్వమే ఉచితంగా ఇస్తోంది. వాటిని మానకుండా వాడి, వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గినవారి నుంచి లైంగికంగా ఇతరులకు సోకదు. 2017 నాటి చట్టం ప్రకారం వారిని ఉద్యోగంలో వివక్షతో చూడటం అక్కడ నిషిద్ధం. సందేహాలకు ఇండియాలో 1097 నంబరు ఉంది. అందులో పేరు చెప్పనక్కరలేదు.