పాములు జతగూడు కాలము

హైదరాబాదు నగరమునకు పడమట జూబిలీ హిల్సు అను గుట్టల ప్రాంతము కలదు. ఫిలింనగరు ఇచ్చటనే యున్నది. తెలుగు చలనచిత్రములలో పాము నృత్యము చేయును, పగ పట్టును, మనుష్యరూపమును దాల్చును. ఆ చిత్రములు తయారగు తావునకు చేరువనే నిజమైన పాములు రాతిసందులలోను పొదలలోను జీవించుచున్నవి. 1998లో జాతీయోద్యానముగా ప్రకటింపబడిన కాసు బ్రహ్మానందరెడ్డి వనము వానికి పెద్ద ఆశ్రయము.

ఈ పాములలో జెఱ్ఱిపోతు ఒకటి. దానికి విషము లేదు. ఎలుకలు దాని ముఖ్యాహారము. వేసవి దినములలో ఒక్కొక్కప్పుడు రెండు పాములు మెలివడి, తలలెత్తి, ఒకదాని నొకటి నేలకు వంచుటకు పెనుగులాడుచుండును. జనులు దీనిని సయ్యాట యందురు. వానిలో ఒకటి నాగుపామనియు, మఱియొకటి జెఱ్ఱిపోతనియు, అవి జతగూడుచున్నవనియు పలువురు నమ్ముదురు. ఇది సత్యము కాదు. నాగుపాము వేఱొక కుటుంబమునకు చెందినది. సాధారణముగా ఆ రెండును మగ జెఱ్ఱిపోతులే. ఆడుపాము కొఱకు అవి తమ బలమును పరీక్షించుకొనును. ఓడినది తొలగిపోవును.

మఱి ఆడుపాము తల్లి యగుటకు ఎప్పుడు సిద్ధమగును? వయస్సొక్కటే చాలదు. గ్రుడ్డులోని సొన తల్లి దేహమందలి క్రొవ్వునుండి యేర్పడును. కావున దేహపుష్టి యుండవలెను. అమెరికా దేశమున కార్న్ స్నేక్ అను పామును ఇండ్లలో పెంచుదురు. అదియు జెఱ్ఱిపోతు కుటుంబములోని విషము లేని పామే. దానిని పెంచువారిలో పలువురు ఒక సులభమైన కొలతను పాటింతురు. ఆడుపామునకు మూడేండ్ల వయస్సు, మూడడుగుల పొడవు, 300 గ్రాముల బరువు ఉండవలెను. ఈ మూడును కుదిరినగాని దానిని మగపాముతో కలుపరు. బాగుగా మేపిన పాము అంతకు ముందే జతగూడవచ్చును. కాని దేహము చిన్నదైనచో గ్రుడ్లు బయటికి రాక లోపలనే చిక్కుకొనును. అందువలన తల్లి మరణింపవచ్చును. పుష్టిగల పాము చలికాలమున విశ్రమించి, వసంతమున జతగూడి, 10 మొదలు 30 గ్రుడ్లు పెట్టును. సుమారు రెండు నెలలకు పిల్లలు వెలువడును.

గుట్టలలోని జెఱ్ఱిపోతును తూచువారెవరును లేరు. దొరకిన ఆహారమే దాని పుష్టిని నిర్ణయించును. ఎలుకలు సమృద్ధిగా లభించిన ఆడుపాము 6 మొదలు 15 వఱకు గ్రుడ్లు పెట్టును. చిక్కిపోయినది ఆ యేడు గ్రుడ్లు పెట్టకయే యుండవచ్చును. ఇట్లు ఏండ్లతరబడి పెరిగి సిద్ధమైన పామును, సయ్యాట చూచి భయపడినవారు ఒక్క కఱ్ఱదెబ్బతో చంపుదురు. దానితో రాబోవు పిల్లలును లేకుండ పోవును. ఎలుకలు పెచ్చు పెరుగును.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము జెఱ్ఱిపోతును చంపుటయు, పట్టి పెంచుటయు నేరములు. పాము ఇంటిలోనికి వచ్చినచో దానిని పట్టి అడవిలో విడుచు శిక్షితులు హైదరాబాదున గలరు. 1995లో ఏర్పడిన ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఇట్టి సేవ చేయుచున్నది. సయ్యాట బయట కనబడినచో దూరముగా నిలిచి చూచిన చాలును. కొంతసేపటికి ఓడిన పాము పొదలోనికి పోవును. గెలిచినది ఆడుపామును వెదకికొని పోవును.